ఎడమవైపు గిటార్

నాలుగేళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. డైరీలో కూడా రాయలేదు. తిన్న పరాఠా గురించి, చదివిన పుస్తకం గురించి, మాట్లాడాలనుకుని మాట్లాడలేకపోయిన మనుషుల గురించి రోజూ రాసుకునేదాన్నే. ఇది గుర్తొస్తే మాత్రం పెన్ను మూసేస్తాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు ఢిల్లీ మునిర్కాలో గది అద్దెకు తీసుకుని ఎం.ఏ. చదువుతున్నాను. మాది కాకినాడ. నాకు రాక్, మెటల్ పాటలు ఇష్టమంటే నన్ను చూసినవాళ్లెవరూ నమ్మరు. నాకు నచ్చేది ఆ హోరు కాదు, దాన్ని రికార్డు చేసిన తీరు. డ్రమ్ము మీద దెబ్బ పడ్డాక గది గోడలు తిరిగి పలికే క్షణం. బేస్ గిటార్ తీగ మీద వేలు జారే చప్పుడు. అంత గోలలోనూ ప్రతి వాయిద్యం దాని చోటులో అది నిలబడి ఉండటం. అలా బాగా రికార్డయిన ఆల్బమ్‌ల పట్టిక ఒకటి డైరీ వెనక పేజీల్లో రాసుకునేదాన్ని. అందరూ మెచ్చుకునే ఒక ఆల్బమ్‌ను అందులోంచి కొట్టేశాను కూడా. ఆ ఆల్బమ్‌లో వాయిద్యాలన్నీ ఒకే ఎత్తున అరుస్తాయి, రెండు పాటలకే చెవి అలిసిపోతుంది.

ఆ పట్టిక చూసిన ఒకే ఒక్క మనిషి మాధురక్క. వరంగల్ అమ్మాయి, గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతుండేది. తన బ్యాండ్‌లో ఇద్దరు గిటారిస్టులు. ఒకరు ఆమె, ఇంకొకరు రోహిత్. ఒక కాలేజీ ఫెస్ట్‌లో అందరూ వేదిక ముందుకు తోసుకుంటుంటే నేను వెనక సౌండ్ చూసుకునే అబ్బాయి పక్కన నిలబడి విన్నానట. అది చూసి తనే వచ్చి పలకరించింది. తర్వాత నన్ను అందరికీ "మా చెవి" అని పరిచయం చేసేది. ఢిల్లీలో అంతకుముందు నన్ను ఎవరూ ఎవరికీ పరిచయం చేయలేదు.

వాళ్ల మొదటి ఆల్బమ్‌కు పాటలన్నీ రికార్డు చేసి, ఏ వాయిద్యం ఎంత వినిపించాలో సరిచూసి కలిపే మిక్సింగ్ అక్కే లాప్‌టాప్ మీద చేసింది. ఇలాంటి పాటల్లో ఒక గిటార్‌ను పూర్తిగా ఎడమ చెవికీ, ఇంకోదాన్ని పూర్తిగా కుడి చెవికీ పెడతారు. రెండూ ఒకటే వాయిస్తాయి. కలిస్తే గోడలా వినిపిస్తుంది. ఎడమవైపు అక్క, కుడివైపు రోహిత్. మూడు వారాలు అవే పాటలు విన్నాక సొంత చెవిని నమ్మలేరు, కొత్త చెవి కావాలి. పాటలు నాకు పంపింది. నీ మామూలు ఇయర్‌ఫోన్స్‌తోనే విను, జనం అలాగే వింటారు కదా అంది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం నా గదికి భోజనానికి వచ్చింది. పప్పన్నం కలుపుతూ అడిగింది.

"ఏమే, విన్నవా? మొహమాటం పడకు. నా గిటార్ ఎట్లున్నది?"

"ఒక్క గిటారే తెలుస్తోంది అక్కా. రోహిత్‌ది. మీది... ఎక్కడో వెనకుంది. బరువు లేదు."

ఆమె చెయ్యి ఆగింది. "మొత్తానికే లేదా?"

"వేళ్లలో పట్టు లేనట్టు అనిపించింది."

"అచ్ఛా." నవ్వింది. "ఈ మాట ఒక్కడు చెప్పలే చూడు. దొంగలు! మరి నా పార్ట్ గూడ రోహిత్‌తోనే కొట్టిస్త. ఏమంటవ్?"

"అదే మంచిదేమో అక్కా."

"వేళ్లలో పట్టు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? నా డైరీలోంచే. ఇంకెవరి గురించో రాసుకున్న మాట అది.

రెండు రోజుల తర్వాత నా పట్టికలో మొదటి ఆల్బమ్ పెట్టుకున్నాను. అది ఎడమ చెవిలో ఒంటరి గిటార్‌తో మొదలవుతుంది. ఏమీ వినిపించలేదు. ఫోన్ ఆగిపోయిందనుకున్నాను. ఇంతలో కుడి చెవిలో డ్రమ్స్ మోగాయి. ఎడమ ఇయర్‌ఫోన్ పాడైపోయి ఉంది.

అక్క పాటలు నేను విన్నది కూడా ఆ ఇయర్‌ఫోన్స్‌తోనే. ఎలా గమనించలేదు? డాబా మీద కూర్చుని, పక్కన ఇల్లు కడుతున్న చప్పుడులో విన్నాను. చేతిలో ఒక నవల ఉంది. పేజీలు తిప్పుతూనే ఉన్నాను. మరి దాన్ని వినడం అంటారా?

అక్క పార్ట్‌ను రోహిత్ గురువారం వాయించాలి. ఇయర్‌ఫోన్ సంగతి నాకు తెలిసింది మంగళవారం. మెసేజ్ రాశాను, చెరిపాను. మళ్లీ రాశాను, చెరిపాను. అక్క తిడుతుందని భయం కాదు. తిట్టే మనిషి కాదు. నవ్వేసి, ఇంకెప్పుడూ నాకు పాటలు పంపదేమోనని భయం. గురువారం గడిచిపోయింది.

ఆల్బమ్ రెండువైపులా రోహిత్ గిటార్‌తోనే వచ్చింది. చాలామందికి నచ్చింది. కృతజ్ఞతల్లో నా పేరు కూడా ఉంది. అక్క తర్వాత రెండు మూడు షోలు చేసి మానేసింది. ఇప్పుడు గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

మొదటి మిక్స్ ఇంకా నా దగ్గరుంది. కొత్త ఇయర్‌ఫోన్స్ కొని ఎన్నిసార్లు విన్నానో. ఒకరోజు ఆమె గిటార్ రోహిత్‌ది కంటే బరువుగా ఉంటుంది. ఇంకోరోజు ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతున్నట్టు ఉంటుంది. నిజంగానే పట్టు లేదా? అయితే నేను పొరపాటున నిజం చెప్పినట్టా? లేక తప్పు చేసినదాన్ని కాబట్టి ఆమెలో లోపం వెతుక్కుంటున్నానా? ఈ ఒక్క గిటార్ విషయంలో నా చెవి నాకు ఏమీ చెప్పడం లేదు.

పోయిన నెల అక్క మెసేజ్ పెట్టింది. గిటార్ ఎవరికో ఇచ్చేసిందట. "నాకు చేతకాదని నువ్వొక్కదానివే నిజం చెప్పినవ్ రా. లేకపోతే ఇంకా దాన్నే పట్టుకొని కూసుందును" అని. నేను ఒక నవ్వు బొమ్మ పంపాను. అవును, అదే పంపాను.

ఆమెకు చెప్తానో లేదో తెలియదు. చెప్తే ఆ గిటార్ తిరిగి వస్తుందా? చెప్పకపోతే ఆమె నన్ను ఇలాగే నమ్ముతూ ఉంటుంది. ఏది ఎక్కువ అన్యాయమో తేల్చుకోలేకపోతున్నాను. కానీ ఒక్క వాక్యం మాత్రం ఇవాళ పూర్తిగా రాయగలను. మాధురక్క గిటార్ బాగాలేదని చెప్పిన రోజుకి నేను ఆ గిటార్ వినలేదు.

రాశాను. చెరపడం లేదు.