మొదటి పేరు

మా నాన్న చేతిరాత అచ్చేసినట్టుండేది. గుంటూరు జిల్లాలో తాలూకా ఆఫీసు గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఊళ్లోవాళ్ల అర్జీలన్నీ ఆయనే రాసిపెట్టేవారట. అమ్మకు ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌లో నర్సు ఉద్యోగం వచ్చి మేం ముగ్గురం ఇక్కడికి చేరాక ఆయనకు దొరికింది పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. అర్జీల సరదా మాత్రం వదల్లేదు. ఆదివారం చర్చి అయ్యాక మా ఫ్లాట్‌కు ఎవరో ఒకరు కాగితాలు పట్టుకుని వచ్చేవారు. ఒకరికి జీపీ డాక్టరు దగ్గర పేరు రాయించుకోవాలి, ఇంకొకరికి కౌన్సిల్ నుంచి ఏదో వచ్చింది, మరొకరికి పిల్లాడి బడి.

"అంకుల్, కాస్త ఇది చూసిపెడతారా?" అంటే చాలు, ఆయన కళ్లజోడు తుడుచుకుని నల్లసిరా పెన్ను తీసేవారు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయేది. "మీ కచేరీ అయితే అన్నానికి రండి" అని అమ్మ వంటింట్లోంచి విసుక్కునేది. ఆ గొడవంతా చూస్తే నాకు నవ్వొచ్చేది.

మాంచెస్టర్‌లో డిగ్రీలో చేరినప్పుడు నా స్టూడెంట్ లోన్ ఫారం కూడా ఆయనే నింపారు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి ఇచ్చారు. నాకు బస్సు టైమైపోతోంది. నిలబడే సంతకం గీకేసి పరిగెత్తాను.

చదువయ్యాక ఆ లోన్ నన్ను పెద్దగా బాధపెట్టలేదు. జీతం తక్కువగా ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి జీతం చూపిస్తూ ఒక కాగితం పంపితే చాలు, వాయిదాలు కట్టక్కర్లేదు. ఆ తర్వాత పెళ్లయింది. మా ఆయనకు హీత్రూ విమానాశ్రయం పక్కన గోడౌన్‌లో ఉద్యోగం కావడంతో హేస్‌లో కాపురం పెట్టాం. పాప పుట్టింది. అమ్మ పోయింది. నాన్న ఒంటరివారయ్యారని మళ్లీ లీసెస్టర్‌కే వచ్చి అద్దెకు దిగాం. ఇన్ని ఇళ్లు మారడంలో లోన్ కాగితాలు ఎక్కడ పోయాయో, ఎవరి గుమ్మంలో నా ఉత్తరాలు పడ్డాయో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే వెతకనూ లేదు.

అప్పటికి నాన్న మోకాళ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఆయన ఫ్లాట్ మేడమీద, లిఫ్ట్ లేదు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్కటే దిగాలి. కింద గది, కిందే బాత్రూమ్ ఉన్న ఇల్లు కొనుక్కుని ఆయన్ని మా దగ్గరే ఉంచుకోవాలని నా పట్టుదల. చాలా తిరిగాక ఒకటి దొరికింది. ఒక ముసలావిడ, మంచం పట్టిన భర్త కోసం, కిందే స్నానాలగది కట్టించుకున్న ఇల్లు. నాన్న అందులో గోడకు బిగించిన కుర్చీ మీద కూర్చుని చూశారు. ముందుగదిలోకి వచ్చి కిటికీ దగ్గర ఆగారు.

"నా టేబుల్ ఈడ ఏసుకుంటానమ్మా. వచ్చినోళ్లకి కాస్త ఎలుతురుంటది" అన్నారు.

అమ్మ పోయాక ఆయన నోట "వేసుకుంటాను, చేసుకుంటాను" అన్న మాట వినడం అదే మొదలు.

ఇంటికి అప్పిచ్చే మార్ట్‌గేజ్‌వాళ్లు అన్నీ చూసి, నా స్టూడెంట్ లోన్ ఎంత మిగిలిందో ఆ కంపెనీ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. ఇంటికి ఇంకో బేరం ఉందని, శుక్రవారం దాకా ఆగగలమని ఏజెంటు చెప్పాడు. ఓస్, ఇంతేనా అనుకుని లోన్ ఇచ్చిన ఆఫీసుకు ఫోన్ చేశాను. పాత లోన్లు అమ్మేశామని, నాది ఏ కంపెనీకి వెళ్లిందో లోన్ నంబరు ఉంటేనే చెప్పగలమని అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. గేదెను అమ్ముతారు, పొలం అమ్ముతారు. అప్పును అమ్మడమేమిటి? పోనీ, అమ్మినవాడికి ఎవరికి అమ్మాడో తెలియకపోవడమేమిటి? కొన్న కంపెనీల పేర్లు కనుక్కుని వరసగా ఫోన్లు చేశాను. పాట వినిపించి, వినిపించి, ఎవరో ఒకరు వచ్చేవారు. పెళ్లి తర్వాతి ఇంటిపేరు చెప్పాను, పుట్టింటి ఇంటిపేరు చెప్పాను, పుట్టినరోజు చెప్పాను. ఎక్కడా లేను. ఒకతనైతే, "అసలు మీరు లోన్ తీసుకోలేదేమో" అన్నాడు. "ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, మీకు పుణ్యముంటుంది" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

గురువారం పాపను చూసుకోవడానికి నాన్నను మా ఇంటికి తీసుకొచ్చాను. ఆయన సోఫాలో కూర్చుని పాపకు కమలాపండు ఒలిచి పెడుతున్నారు. నేను అదే గదిలో, అంతకుముందు నా పేరు లేదని చెప్పిన కంపెనీకే మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది ఎవరో ఓపికున్న అమ్మాయి. అన్నీ అడిగి, కాసేపు ఆగి, "ఒకసారి అటూ ఇటూ మార్చి చూడనా?" అంది. మరుక్షణం, "ఇదిగో ఉన్నారు!" అంది. నా ఇంటిపేరు పేరు రాసే గడిలోనూ, పేరు ఇంటిపేరు గడిలోనూ ఉన్నాయట. ఫారం నింపినవాళ్లు తిరగేసి రాశారట.

దొరికిందన్న సంబరంలో నేను పెద్దగా నవ్వేశాను. "నాన్నా, నా పేరు తిరగేసి ఉందట!" అన్నాను.

కమలాపండు ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

ఆ ఫారంలో సర్‌నేమ్ అని ఉంటే ఆయన పొరబడేవారు కాదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని ఉంది. "మొదటి పేరంటే మొదటొచ్చేదే గదమ్మా? మనకి మొదటొచ్చేది ఇంటిపేరు గదా?" అన్నారు. వాదించడం లేదు, నిజంగానే అడుగుతున్నారు. నేనూ అన్నేళ్లు గమనించలేదు. లోన్‌వాళ్లు పంపిన ఉత్తరాల మీద ఇంటిపేరు పొడి అక్షరం ముందు, నా పేరు వెనక ఉండేవి. మన కంటికి అది తప్పెలా అవుతుంది? గుంటూరులో నా బడి సర్టిఫికెట్ మీదా అలాగే ఉంది.

"ఏం కాలేదులే నాన్నా, దొరికిందిగా" అన్నాను.

"ఇంకెంతమందికి ఇట్టా రాశానో" అన్నారాయన, పాప వైపు చూస్తూ.

ఉత్తరం రావడానికి రెండు వారాలు పడుతుందని కంపెనీవాళ్లు చెప్పారు. ఏజెంటును బతిమాలాను, మార్ట్‌గేజ్‌వాళ్లను బతిమాలాను. శుక్రవారం దాటిపోయింది, ఇల్లు అవతలివాళ్లకు వెళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చింది ఉత్తరం, మంచి దళసరి కాగితం మీద, పేరూ ఇంటిపేరూ ఇంగ్లీషువాళ్ల వరసలో. చించిపారేయాలనిపించింది. మేం మళ్లీ ఇల్లు వెతికేలోపు ధరలు మా చేతికి అందనంత పెరిగాయి. నాన్న ఆ మేడమీదే ఉండిపోయారు.

తర్వాతి ఆదివారాల్లో ఎవరైనా కాగితాలతో వస్తే, "కళ్లు కనపట్టంలా బాబూ, మా అమ్మాయినడుగు" అనేవారు. ఆ కళ్లతోనే బైబిల్‌లో చీమతలకాయంత అక్షరాలు చదివేవారు. కొన్నాళ్లకు వచ్చేవాళ్లూ మానేశారు. ఇల్లు పోయినందుకు ఏడ్చాను, అది అయిపోయింది. ఆయన పెన్ను మూత పెట్టేసినందుకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఆ ఫోన్ పక్కగదిలోకి తీసుకెళ్లి మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది! లోన్ ఎవరి దగ్గరుందో నాకు తెలిసేది, ఎందుకు దొరకలేదో ఆయనకు తెలిసేది కాదు.

రెండువేల ఎనిమిదిలో ఆయన వెళ్లే డాక్టరు క్లినిక్ మూతపడితే కొత్తచోట పేరు రాయించడానికి తీసుకెళ్లాను. మెట్లు దిగడానికే ఆయనకు ఊపిరాడలేదు. రిసెప్షన్‌లో ఫారం ఇస్తే పాప లాక్కుంది. ఎనిమిదేళ్లది, రాయడమంటే దానికి మహా సరదా. తాతయ్య పక్కన కూర్చుని, పెన్ను పట్టుకుని, "ఫస్ట్ నేమ్, తాతయ్యా?" అని అడిగింది.

 ఆయన ఆ కాగితం వంక చూశారు. పక్కన కూర్చున్నవాళ్లకు వినపడకుండా నా చెవి దగ్గరకు వంగారు.

"ఏం చెప్పమంటావమ్మా?" అన్నారు.