పక్కన పెట్టిన కూలర్

గవర్నర్‌పేటలోని ఓ బట్టల కొట్టులో, చీరల కౌంటర్ వెనక మల్లేశ్వరరావు ముప్పై నాలుగేళ్ళు నిలబడ్డాడు. ఊరుకున్నంతకాలం ఊరుకున్న మోకాళ్ళు ఈ ఎండాకాలం మొండికేశాయి. కొట్టు వ్యవహారాలు ఇప్పుడు చూస్తున్నది యజమాని కోడలు శాలిని. ఆ అమ్మాయే ఒకరోజు పిలిచి చెప్పింది.

"బాబాయ్‌గారూ, ఇక మీరు నిలబడద్దు. ఫోన్ కౌంటర్లో కూచోండి. చీరల ఫొటోలు పంపడం, మెసేజీలకి జవాబులివ్వడం, అంతే. ఆషాఢం సేల్ మొదలయ్యేలోపు ఏ సంగతీ చెప్పండి. కుదరదనుకుంటే..."

ఆ మాట ఆమె పూర్తి చెయ్యలేదు. చెయ్యమని అతనూ అడగలేదు.

అతని బెంగల్లా ఒకటే. ఎదురుగా కూచున్నావిడ కనుబొమ్మ కాస్త పైకి లేస్తే చాలు, చెయ్యి దానంతటదే పక్క రంగు చీర మీదికి పోయేది. ఫోన్లో కనుబొమ్మలెక్కడుంటాయి? అందుకని తనకి తనే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. ఇంట్లో ఏసీ పెట్టించాక పాత కూలర్ వరండాకి అడ్డంగా పడి ఉంది. దాన్ని ఫోన్లో అమ్మగలిగితే శాలినికి సరే అంటాడు. అమ్మలేకపోతే మర్యాదగా ఇంటిపట్టున ఉంటాడు. ఈ పరీక్ష సంగతి భార్య రాజ్యలక్ష్మికి తెలియదు. వరండా ఖాళీ అయితే చాలునని ఆవిడ గొడవ.

పాత సామాన్లు అమ్మిపెట్టే యాప్‌లో పెట్టడానికి కూలర్‌కి ఫొటో తీశాడు. ఏ సరుకైనా వెనకాల నిండు రంగుంటేనే ఎత్తి కనపడుతుందని చేనేత దుప్పటి ఒకటి తెరలా కట్టి మరీ తీశాడు. మొదటిరోజు ఏడు మెసేజీలు వచ్చాయి. అందులో మూడు ఆ దుప్పటి ఎంత అని.

మిగతా నలుగురిలో ఒకాయన "ఉందా?" అన్నాడు. "ఉందండీ, దయచేయండి" అని ఒక్క వేలితో కొట్టి పంపించేసరికి ఐదు నిమిషాలైంది. ఆయన మళ్ళీ పలకలేదు. ఇంకొకాయన అసలు ధర అడక్కుండానే లాస్ట్ ప్రైస్ అడిగాడు. మూడో ఆయన కూలర్ తిరుగుతుండగా ముందు నుంచి ఒక వీడియో, వెనక నుంచి ఒక వీడియో తెప్పించుకుని, అంతా చూసి, "ఏసీ ఏమైనా ఉందా అండీ?" అన్నాడు.

నాలుగో వాడు హర్షవర్ధన్. వీడు ఏకంగా ఫోనే చేశాడు.

"అంకుల్, నాకు ఓకే. ఎవరికీ ఇవ్వకండి, పక్కన పెట్టండి. ఆదివారం పొద్దున్నే వచ్చేస్తా."

పక్కన పెట్టండి! ఆ మాట వినగానే మల్లేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. కొట్టులో ఆ మాటకున్న విలువ వేరు. పెళ్ళివారు చీర ఎంచి పక్కన పెట్టమంటే, పేరు రాసిన చీటీ దానికి గుచ్చి బీరువాలో పెడతారు. ఇక ఆ చీర ఇంకో కంటికి చూపించరు. ఒకసారి యజమాని బావమరిదే అడిగినా మల్లేశ్వరరావు చీటీ ఊడదియ్యలేదు.

అలవాటు ప్రకారం తెల్లకాగితం మీద "హర్షవర్ధన్ గారు, ఆదివారం" అని రాసి, దారంతో కూలర్ పిడికి కట్టాడు.

శుక్రవారం ఒకాయన ట్రాలీ ఆటో వేసుకుని మరీ వచ్చాడు, అడిగినంతా ఇస్తానన్నాడు.

"అది ఒకరికి చెప్పేశామండీ."

"అడ్వాన్స్ ఇచ్చారా?"

"మాటిచ్చారు."

ఆయన మల్లేశ్వరరావు వంక కాకుండా రాజ్యలక్ష్మి వంక జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

ఆదివారం మల్లేశ్వరరావు పెందరాళే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. వచ్చేవాడి కోసం మజ్జిగ చేయించాడు. పది అయింది, పన్నెండయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగింటికి ఆ మజ్జిగ తనే తాగాడు. మంగళవారం వాన మొదలైంది.

"మీ హర్షవర్ధన్ గారు గొడుగేసుకొస్తారేమో, తలుపు తీసుంచండి" అంది రాజ్యలక్ష్మి.

పరీక్ష తప్పాననుకున్నాడు. మాటకి నిలకడలేని ఆ ఫోన్ బేరాలు తనకి పడవని బుధవారం శాలినితో చెప్పేద్దామని బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"మల్లేశ్వరరావు గారేనా అండీ? నా పేరు జీవరత్నం. ఆటోనగర్లో బళ్ళకి సీట్లు కుడుతుంటాను. పడక కుర్చీ పక్కన పెట్టమన్నారు, ఆదివారం వస్తానన్నారు..."

చెప్పుల్లో కాలు పెట్టబోతున్న మల్లేశ్వరరావు ఆగిపోయాడు. నిజమే! మోకాళ్ళకి హాయిగా ఉంటుందని పదిరోజుల కిందట అదే యాప్‌లో పడక కుర్చీ చూసి, తనే మెసేజ్ పెట్టాడు. ఆ ఆదివారం మొన్న గడిచిన ఆదివారమే. ఇక్కడ ఇస్త్రీ చొక్కాతో ఒకడి కోసం ఎదురుచూస్తూ, అక్కడ తన కోసం చూస్తున్న మనిషిని మర్చేపోయాడు.

"సెలవైనా షెడ్డు తెరుచుకుని కూచున్నానండీ. చాక్‌పీసుతో మీ పేరు రాశానేమో, మావాళ్ళెవరూ దానిమీద కూచోటంలేదు. వద్దనుకుంటే చెప్పండి, తుడిచేస్తాను."

వంట్లో బాగాలేదన్న అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"మర్చిపోయానండీ. ఇప్పుడే వస్తున్నా."

వానలోనే ఆటో ఎక్కాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. వస్తానని రాసినప్పుడు తను అబద్ధం రాయలేదు. నిజంగానే వద్దామనుకున్నాడు. మరి ఆ కుర్రాడు మాత్రం?

షెడ్డులో జీవరత్నం నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఆదివారం వస్తామన్నవాళ్ళు ఇప్పటికి ఆరుగురండీ. వచ్చింది మీరొక్కరే. అదీ బుధవారం."

సిగ్గుపడుతూనే, ఒక్క కాల్ చేసుకుంటానని మల్లేశ్వరరావు అతని ఫోన్ అడిగి తీసుకున్నాడు. కొత్త నంబరు కదా, హర్షవర్ధన్ వెంటనే ఎత్తాడు.

"బాబూ, కూలర్ అంకుల్ని. తిట్టడానికి కాదులే. వద్దనుకుంటే వద్దని చెప్పు, నేనేమీ అనుకోను. చీటీ విప్పుకుంటాను."



"సారీ అంకుల్. శనివారమే ఫ్రెండు ఫ్యాన్ ఇచ్చాడు. మీరేమో రమ్మని అంత మర్యాదగా చెప్పారు. వద్దని చెప్పడానికి మొహమాటమేసింది."

ఆ కుర్రాడి కనుబొమ్మలు మల్లేశ్వరరావుకి మొదటిసారి కనపడ్డట్టయింది. చీర నచ్చకపోయినా లేచి వెళ్ళలేక, "మళ్ళీ వస్తామండీ" అంటూ చెంగు సర్దుకునే ఆడవాళ్ళని ఎంతమందిని చూశాడు! అదే మొహం. ఆ మాట అన్నందుకు తనెప్పుడూ వాళ్ళమీద కోపం తెచ్చుకోలేదే!

కుర్చీ ఆటోలో ఎక్కించుకుని దారిలో కొట్టు ముందు ఆగాడు.

"ఫోన్ కౌంటర్లో కూచుంటానమ్మా" అన్నాడు శాలినితో. "కాకపోతే, పక్కన పెట్టమన్నవాళ్ళకి మర్నాడు నేనే ఫోన్ చేస్తాను. వద్దనుకుంటే వద్దనెయ్యండి, ఏమీ అనుకోం అంటాను."

"అలా అడిగితే అందరూ వద్దంటారేమో బాబాయ్‌గారూ!"

"అననీ అమ్మా. వస్తామన్నవాళ్ళు మాత్రం వస్తారు."

ఇంటికొచ్చాక కూలర్‌కి కట్టిన చీటీ విప్పి, ఆ కాగితం కిటికీలో పెట్టాడు. ఇక ఈ వానల్లో కూలర్‌ని అడిగేవాళ్ళుండరు. దాని పక్కనే పడక కుర్చీ వేశాడు.

"వరండా ఖాళీ చేయమంటే నింపుకొచ్చారా?" అంది రాజ్యలక్ష్మి.

అతను కాళ్ళు కడుక్కోడానికి లోపలికెళ్ళాడు. వచ్చేసరికి రాజ్యలక్ష్మి ఆ కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కళ్ళు మూసుకుని ఉంది. కుర్చీ చేతికి హర్షవర్ధన్ చీటీయే తిరగేసి కట్టి ఉంది. "రాజ్యలక్ష్మి గారు, దీపాలవేళ దాకా."

మల్లేశ్వరరావు చీటీని రెండుసార్లు చదివాడు. పీట తెచ్చుకుని పక్కన కూచున్నాడు.