కొత్త బల్లకు పాత పుచ్చు

మా సందు చివరి వడ్రంగి మేస్త్రి, అన్నం పళ్ళేన్ని కూడా బల్ల అంచుకు సమానంగా జరిపితేగాని ముద్ద ఎత్తడు. పాతకాలపు సామానును అచ్చు దింపడంలో చెయ్యి తిరిగినవాడు. ఒక పెద్దావిడ తన నాయనమ్మ నాటి మంచం పక్క బల్లకు జోడు చేసిపెట్టమంది. నెలరోజులు కూర్చుని వంపుకాళ్లు చెక్కాడు. కొత్తదని తెలియకుండా సన్న మేకుతో పురుగు తొలిచినట్టు చిల్లులూ పెట్టాడు. ఆవిడ వచ్చి కళ్లజోడు సవరించుకుంది. "మేస్త్రీ, ఈ పురుగు స్కేలు పెట్టుకుని తిన్నదా? రేపటికి సరిచేయకపోతే ఈ బల్ల నువ్వే ఉంచుకో." నిజమే, చిల్లులన్నీ అంగుళానికొకటి చొప్పున బారులు తీరి ఉన్నాయి.

వాటిని పూడ్చి, ఈసారి కళ్లు మూసుకుని పొడిచాడు. మళ్లీ వరసే వచ్చింది. తల పట్టుకుని కూర్చుంటే భార్య వచ్చి మేకూ సుత్తీ లాక్కుంది. "తప్పు చేయడం కూడా తిన్నగా రాదు మీకు, లేవండి." పెళ్లినాటి నుంచి మొగుడు చేసిన ఒక్కో ఘనకార్యాన్నీ తలచుకుంటూ టకటకా పొడిచింది. మర్నాడు పెద్దావిడ ఆ చిల్లులను వేలితో తడిమి మురిసిపోయింది. "ఇదీ పురుగంటే! ఎన్నేళ్లుగా తొలుస్తోందో పాపం!"

"పంతొమ్మిదేళ్లుగానండీ," అంది భార్య, మేస్త్రి వంక చూస్తూ.