మెసేజ్‌లో చివరి వరుస

రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్గొండలో ఒక జిరాక్స్ దుకాణంలో పనికి కుదిరి, పెద్ద ఫోను కొనుక్కున్నాను. వాన కబురు అందులో ముందే వచ్చేది. రామన్నపేట పక్కన మా చెలకలో పత్తి వేసే బాపుకు ఫోన్ చేసి చెప్పేదాన్ని. మొదట్లో నవ్వాడు. మూడు వానలు చెప్పినట్టే పడ్డాక పైకి చూడటం మానేశాడు. పడమటి గాలి, చీమల బారు, ఏ కార్తెలో వాన నిలబడుతుందో, అంతకుముందు అన్నీ ఆయనే చెప్పేవాడు. ఇప్పుడు పొద్దున లేస్తే నాకే ఫోను. ఊళ్లో అందరితో నా బిడ్డ చెప్తదని గొప్పలు. నాకూ తలకెక్కింది, దాచడమెందుకు.

ఆ మధ్యాహ్నం దుకాణం నిండా కాలేజీ సీట్ల కాగితాలతో జనం. మెసేజ్ వచ్చింది. మొదటి వరుస చదివాను, మా మండలంలో ఉరుములతో వాన అని. వెంటనే బాపుకు ఫోన్ కొట్టాను. అమ్మ, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు చెలకలో కలుపు తీస్తున్నారట.

"ఇంటికి పోవాల్నా బిడ్డా?"

"గంత దూరం పోయేలోపు తడుస్తవ్. గట్టు మీది వేపచెట్టు కిందికి పో, బాపు."

ఉరిమేటప్పుడు చెట్టు కింద నిలబడొద్దని చిన్నప్పుడు నాకు నేర్పింది ఆయనే. అయినా పోయాడు, నేను చెప్పాను కదా. అమ్మావాళ్లు చేతిలో ఉన్న సాలు పూర్తిచేసి వద్దామని ఆగారు. పిడుగు చెట్టు మీద పడింది.

చెట్ల కింద నిలబడకండి అని మెసేజ్ చివర్లో ఉంది. అది ఊరికి పోయే బస్సులో చదివాను.

ఎవరడిగినా అమ్మ ఒకటే చెప్పేది. వద్దంటే వినలేదట, తనంతట తనే పోయాడట. అది విన్నప్పుడల్లా లేచి పక్కకు పోయేదాన్ని. చెట్టు కిందికి పొమ్మన్నది నేనని ఇంకెవరికీ తెలియదు, ఆ మాట బాపుతోనే పోయిందనుకున్నాను. ఆ వేప ఒక పక్క మాడిపోయింది, ఇంకో పక్క ఏటా పూస్తోంది. నేను అటు వైపు నడవను.

పోయిన వానాకాలం ఇక ఉండబట్టలేక అమ్మకు చెప్పేశాను. బియ్యం చెరుగుతున్న చేతులు ఆగలేదు.

"నాకెరుకే. నీ ఫోనొస్తే మీ బాపు ఎన్నడన్న చెవికి పెట్టుకున్నడా? స్పీకర్ల పెట్టేటోడు. బిడ్డ మాట అందరు వినాలె గద."

అంటే ఆ ఆరుగురూ విన్నారు. శవం దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చింది వాళ్లే. ఇన్నేళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. నాకు సిగ్గేసింది, తర్వాత భయమేసింది.

ఇప్పటికీ మబ్బు పడితే వాళ్లే ఫోన్ చేస్తారు, జర చూసి చెప్పు బిడ్డా అని. స్పీకర్‌లోనే పెడతారు, చెలకలో గాలి వినిపిస్తుంది. మెసేజ్ మొత్తం చదువుతాను. చివరి వరుస, ఆ చెట్ల మాట కూడా చదివేదాకా అవతల ఎవరూ ఫోన్ పెట్టేయరు.