వాగు అవతలి నుంచి జవాబు

నేను కంప్యూటర్ నెట్‌వర్కుల మీద పరిశోధన చేస్తున్నాను. సెల్ సిగ్నల్ లేని ఊళ్లలో చిన్న రేడియో పెట్టెలు ఒకదాని నుంచి ఇంకొకదానికి సందేశాలు చేరవేసేలా చేయడం నా పని. అందుకే నిరుడు వానాకాలంలో పినపాకలో గది కిరాయికి తీసుకుని ఒంటరిగా అడవి ఊళ్లు తిరిగాను. ఎవరితోనూ మాట్లాడకుండానే రోజులు గడిచేవి. పరీక్ష కోసం సందేశాలు పంపేదీ నేనే, చదువుకునేదీ నేనే.

ఒక మధ్యాహ్నం పెట్టె బిగించి తిరిగొస్తుంటే వాగు పొంగింది. రెండు పాయల మధ్య మెరక మీద చిక్కుకుపోయాను. నీళ్లు పైకి వస్తున్నాయి. కేకలు వేస్తే వినేవాళ్లు లేరు. సంచిలో మిగిలిన ఇంకో పెట్టెకు ఫోన్ కలిపి, "వాగులో చిక్కుకున్నాను, ఎవరైనా ఉన్నారా?" అని పంపాను. చాలాసేపు ఏమీ రాలేదు.

చివరికి జవాబొచ్చింది. అవతలి ఊళ్లో ఆశా కార్యకర్తగా పనిచేసే సారమ్మక్క, వాళ్లింటి మీద నేను పెట్టిన పెట్టె ద్వారా పంపింది: "భయపడకు చెల్లె. మావోళ్లు తాడు పట్టుకొని వస్తున్నరు. ఆడనే ఉండు."

వాళ్లు నన్ను ఒడ్డుకు చేర్చాక ఆమె నా తల తుడుస్తూ, "గిట్ల ఒక్కదానివే తిరుగుతవేంది? అన్నం తిన్నవా?" అంది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

నా పెట్టెలు పనిచేశాయన్న సంగతి మరునాడు గాని నాకు తట్టలేదు.