గోడవైపు తిరిగిన కార్డు

నలభై ఏళ్లు దాటేదాకా నాకు రాయడం రాదు. మా ఊళ్లో బడి లేక కాదు. అమ్మ కలుపుకు పోతే తమ్ముణ్ణి ఎత్తుకోవలసింది నేను. వాడు నడక నేర్చేసరికి నేనూ కలుపు మనిషినయ్యాను. అన్నను మేకల వెంట పంపారు. తొంభైల మొదట్లో మా వాడలో పొద్దుగూకే వేళ పెద్దవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెడితే పోయి కూర్చున్నాను. ఏడాదిన్నరకు అక్షరాలు కూడుకున్నాయి. బస్సు బోర్డులు చదివాను, ఎరువు సంచులు చదివాను. ఇంట్లో చదువుకోవడానికి మాత్రం ఒక్క కాగితం లేదు. ఉన్న ఐదు కార్డులను నేనే ఇచ్చేశాను.

అవి అన్న పంపినవి. ఎనభైల నడుమ ఒక కరువు ఏడు కూలీలను తోలుకుపోయే మేస్త్రి గుంపు వెంట పూణె దిక్కు కాలువ పనికి పోయాడు. పోయేముందు బస్సు కిరాయికి నా మేకను నన్ను అడగకుండా అమ్మాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు, బస్సెక్కించడానికీ పోలేదు. అన్నకూ రాత రాదు. గుంపులో ఎవరి చేతనో రాయించేవాడు. కార్డులు పిండి గిర్నికి వచ్చేవి. గిర్ని ఆయన ఒక చెయ్యి జొన్నల మీద పెట్టి, ఇంకో చేత్తో కార్డు పట్టుకుని, ఇంజను చప్పుడు మీద అరిచి చదివేవాడు.

"బాగున్నడంట. మిమ్ముల బాగుండుమన్నడు. జరుగు, ఎనుక గంపలున్నయి."

ఐదో కార్డుకూ అదే మాట. ఆ తర్వాత కార్డు రాలేదు. గుంపు తిరిగొచ్చింది గాని అన్న రాలేదు. మేస్త్రిని మార్చుకున్నాడని చెప్పారు, ఎక్కడికో వాళ్లకూ తెలియదు. కొన్నేళ్లకు ఒక రిటైరైన సారు ఇల్లిల్లూ తిరిగి పాత కార్డులు అడిగితే, చదవరానివి నాకెందుకని అన్నీ ఇచ్చాను. బదులుగా ఆయన ఒక బొమ్మల క్యాలెండరు ఇచ్చాడు.

చదువు వచ్చాక ఆ ఇచ్చిన పని గుర్తొస్తే అన్నం సయించేది కాదు. ఒకరోజు మిర్చీలు కట్టిచ్చిన కాగితాన్ని నూనె తుడిచి చదివాను. తపాలా బిళ్లలు, నాణేలు, అగ్గిపెట్టె బొమ్మలు, క్రికెట్ కార్డులు, పాత ఉత్తరాలు. జడ్చర్లలో ప్రదర్శన, మార్పిడి, రెండు రోజులు. రెండో రోజు మర్నాడే. 'పాత ఉత్తరాలు' అన్నచోటే నా వేలు ఆగిపోయింది.

పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం చెల్లెను తోడు రమ్మన్నాను. మర్నాడు బస్సులో నేను సీటు దొరికినా కూర్చోలేదు.

"కూసో అక్కా. నువ్వు నిలవడితే బస్సేం జల్ది పోతదా?" అంది.

బడి హాల్లో బల్లల నిండా ఏవేవో ఉన్నాయి. నిజాం కాలపు సిక్కాలు గాజు కింద పెట్టారు. ఒక ఉద్యోగస్తుడు అగ్గిపెట్టె బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. మీసాలొచ్చిన మగవాళ్లు బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెట్ కార్డులు పరిచి బేరమాడుతున్నారు.

"రెండు బౌలర్లకు ఒక్క బ్యాటుమనా? నడువదు భాయ్."

"మూల మడత పడ్డది చూడు. గిట్లాంటి దానికి గదే ఎక్కువ."

మా చెల్లె తపాలా బిళ్లలను చూసి ముక్కు మీద వేలేసుకుంది. "నాలికతోని నాకి అంటువెట్టిన ఎంగిలి కాయితాలకు గింత లొల్లా?"

నాకు నవ్వు రాలేదు. బల్ల తర్వాత బల్ల దాటుకుంటూ పోయాను. చివరి గోడకు ఒక బోర్డు ఉంది. దాని మీద వరసలుగా కార్డులు, ప్రతి కార్డుకూ నల్లటి గుండ్రటి తపాలా ముద్ర. రెండో వరసలో ఒకదాని మూలకు ఇంజను నూనె బొటనవేలి మరక కనబడింది. దగ్గరికి పోయి చదివాను. ముందు మా ఊరి పేరు, దాని పైన గిర్ని, అన్నిటికన్నా పైన నా పేరు. అన్న నా పేరు మీదే రాయించాడని అప్పుడే తెలిసింది. రాసిన మాటలు మాత్రం అవతలి వైపు, గోడకు ఆనుకుని ఉన్నాయి.

సారు పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఊరి పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"మీ ఐదు కార్డుల్ల తక్కిన నాలుగు మార్పిడిల పోయినయమ్మా. మీ ఊరి ముద్ర దీని మీదనే తేటగ పడ్డది."

"సారూ, జర ఎనకకు తిప్పుండ్రి. సదువుకుంట."

"మార్కులేసేటోళ్లు వచ్చిపోయేదాంక బోర్డు ముట్టొద్దు. రూలు. మాకు ముద్రతోనే పని, ఎనక రాత ఎవలు సూస్తరు?"

"నేను సూస్త."

మార్కులేసేవాళ్లు పన్నెండుకు వస్తారన్నారు. మూడు కొట్టినా రాలేదు. నాలుగింటి బస్సు తప్పితే ఇంకోటి ఎప్పుడో తెలియదు. నేను గుమ్మం దాకా పోతాను, మళ్లీ బోర్డు దగ్గరికి వస్తాను. చెల్లె తెచ్చిన రొట్టె నా చేతిలోనే ఎండిపోయింది. చివరికి ఇద్దరు వచ్చి, బోర్డును ఎగాదిగా చూసి, ఏదో రాసుకుని పోయారు.

సారు చిన్న పట్టకారు లాంటి చిమటాతో కార్డును కాగితపు మూలల్లోంచి లాగాడు. "చేత్తో ముట్టకు, మరకైతది."

"గా నూనె మా గిర్నిదే సారూ."

ఆయన కార్డు తిప్పి పట్టుకున్నాడు. "నేను సదువుత, నువ్వు ఇను."

"వద్దు. ఇనుడు అయిపోయింది."

గొలుసుకట్టు రాత. నేను నేర్చినవి పుస్తకంలోని విడి అక్షరాలు. ఆరు వరసలకు చాలాసేపు పట్టింది. బాగున్నాను, మీరు బాగుండాలి. గిర్ని ఆయన చదివిందే. అప్పుడు మా చెల్లె తల పక్కకు వంచి, "అక్కా, అంచుకు చీమల బారు లెక్క ఏందది?" అంది.

జాగా అయిపోయి, ఎడమ అంచు వెంట కింది నుంచి పైకి, మళ్లీ తల మీదుగా అడ్డంగా సన్నగా రాయించాడు. గిర్ని ఆయన నిలువు వరసలు చూసి ఉండడు. చూసినా ఇంజను నడుస్తుండగా కార్డు తిప్పే తీరిక ఎక్కడిది? నేను సారు చెయ్యి పట్టుకుని కార్డును తిప్పుతూ కూడబలుక్కున్నాను.

"చెల్లె, ఈ మేస్త్రిని ఇడిసిన. షోలాపూరు దిక్కు ఇటుక బట్టీకి పోతున్న. బట్టీకాడి చాయ్ హోటల్ అడ్రసు పక్క అంచుకు రాయిపిచ్చిన. మేక కోపం పోతే ఒక్క కార్డు రాయి, వస్త."

కుడి అంచు వెంట పై నుంచి కిందికి అడ్రసు.

సారు కార్డును నా వైపు చాపాడు. "తీస్కపో అమ్మా" అన్నాడు. ముద్ర ఉన్న వైపు ఒకసారి చూసుకుని మరీ అన్నాడు. నేను తీసుకోలేదు. చిత్తు కాగితం అడిగి అడ్రసు దింపుకున్నాను, రెండుసార్లు సరిచూసుకున్నాను. బస్సు పోయింది. మేము లారీ మీద ఊరు చేరాము.

మర్నాడు పొద్దున పోస్టాఫీసు తలుపు తీయకముందే పోయి అరుగు మీద కూర్చున్నాను. జవాబు కార్డు కొన్నాను, రెండు కార్డులు కలిసి ఉండేది. ఒక దాని మీద పెద్ద అక్షరాలతో, అంచులు ముట్టకుండా రాశాను: "అన్నా, కోపం లేదు. ఎన్నడో పోయింది. రా." రెండో దాని మీద మా ఇంటి అడ్రసు రాశాను, గిర్నిది కాదు. షోలాపూరు అడ్రసును గుమాస్తా చేత హిందీలో కూడా రాయించాను. డబ్బాలో వెయ్యమంటే వెయ్యలేదు. ఆయన చేతికే ఇచ్చి, ముద్ర కొట్టేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. సగమే పడితే ఇంకోసారి కొట్టమన్నాను.