కొండప్ప పెదనాయన సిలిండర్

మొన్న ఉదయం విమానాశ్రయంలో నా చెకిన్ కౌంటర్ ముందు వరుసలో ఎవరో దగ్గారు. ఎండు దగ్గు. కఫం రాదు, ఊపిరి మాత్రం సగంలో తెగిపోతుంది. తల ఎత్తకుండానే ఆ మనిషి ఏ ఊరివాడో చెప్పగలననిపించింది. కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టినవాళ్ళకు ఆ దగ్గు కొత్త కాదు. ఏళ్ళ తరబడి రాతిపొడి పీల్చిన రొమ్ములోంచి వచ్చే దగ్గు అది. గనుల పక్కనే ఉన్న ఆండర్సన్‌పేటలో మా పక్కింట్లోంచి నా చిన్నతనమంతా వినిపిస్తూనే ఉండేది. అది కొండప్ప పెదనాయన ఇల్లు.

ఆయన మాకు చుట్టం కాదు. గనిలో తూటాలు పెట్టి రాయి పేల్చే పని ఆయనది, మా నాన్న ఆయన జట్టులోనే పనిచేశాడు. గని మూతపడ్డాక అదే దగ్గుతో మా నాన్న పోయాడు. నాకు బెంగళూరు విమానాశ్రయంలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఆడపిల్ల అంతదూరం వద్దని అమ్మ పట్టుబట్టింది. పెదనాయన వచ్చి మా గడప మీద కూర్చున్నాడు. ఊపిరి కుదుటపడేదాకా ఆగి, "ఈడ ఏముండాది చెల్లెమ్మా? నీళ్ళు నిండిన గుంతలుండాయి, బంగారం తీసి పారేసిన సైనైడ్ మట్టి దిబ్బలుండాయి. బిడ్డని పోనీ" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళి నా పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

శిక్షణ రోజుల్లో సెలవుకు వచ్చినప్పుడు, ప్రయాణికులను అడగాల్సిన ప్రశ్నలు వాళ్ళ వాకిట్లో కూర్చుని వల్లెవేసేదాన్ని. సామానులో టపాకాయలున్నాయా, గ్యాస్ డబ్బాలున్నాయా, లైటర్లు, పవర్ బ్యాంకులు, యాసిడ్ ఉన్నాయా అని. ఒకరోజు ఆయన మధ్యలో ఆపాడు.

"మొగం చూడకుండా అట్ల గడగడా చదివితే ఎవురు నిజం చెప్తారు పాపా?"

ఆ రోజే ఆయన మునెప్ప గురించి చెప్పాడు. మునెప్పది సుగటూరు పల్లె, గనిలో పెదనాయనతో పనిచేసే ప్రాణస్నేహితుడు. పొలంలో బావి తవ్వుతుంటే బండ తగిలింది. దాన్ని పగలగొట్టడానికి గనిలోంచి నాలుగు డిటోనేటర్లు అన్నం క్యారియర్‌లో దాచుకుని బయటికి తెచ్చాడు. తూటాను పేల్చేవి అవే. చిటికెన వేలంత కూడా ఉండవు. "వాడు ఆ క్యారియర్‌ని పసిబిడ్డని ఎత్తుకున్నట్ల ఎత్తుకోని నడిచినాడు. నాకు తెలిసిపోయింది. స్నేహితుడు కదా, ఏమని అడిగేది అని ఊరికే ఉండిపోయినాను." బస్సులో అది ఒళ్ళోనే పేలింది. మునెప్ప పోయాడు. పక్క సీట్లో కూర్చున్న పూలమ్మే ఆమె కూడా పోయింది. "ఆమెకి ఇద్దరు బిడ్డలు" అన్నాడు ఆయన.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను మొహం చూసే అడుగుతున్నాను. సిగ్గుతో కొందరు, కోపంతో కొందరు దాచినవి తీసి ఇచ్చేస్తారు.

పోయిన వేసవికి పెదనాయన ఆక్సిజన్ సిలిండర్ లేకుండా గది దాటలేని స్థితికి వచ్చాడు. గని మూసేశాక జార్ఖండ్ బొగ్గు గనులకు వెళ్ళిపోయిన ఆయన తమ్ముడు సుబ్బన్న అక్కడ చావుబతుకుల్లో ఉన్నాడని ఒక ఉదయం ఫోన్ వచ్చింది. పెదనాయన కొడుకు రమేశ్ అప్పటికప్పుడు రాంచీకి టికెట్లు కొని, ఆయన్ని కారులో పడుకోబెట్టుకుని విమానాశ్రయానికి వచ్చేశాడు. డ్యూటీలో మా ఫోన్లు లాకర్లో ఉంటాయి, నాకేమీ తెలియదు. వరుస కదిలింది. చక్రాల కుర్చీలో పెదనాయన, కాళ్ళ మధ్య ఇనుప సిలిండర్.

నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. "నువ్వే ఉండావా పాపా. ఇంగ భయం లేదు."

ఒత్తిడితో నింపిన అలాంటి సిలిండర్‌ను మా విమానంలో చేతిలో అయినా, సామానులో అయినా తీసుకెళ్ళనివ్వరు. కరెంటుతో నడిచే చిన్న ఆక్సిజన్ యంత్రం అయితే వెళ్ళవచ్చు, కానీ దానికి డాక్టరు కాగితమూ ముందస్తు అనుమతీ కావాలి. రెండు రోజులు పడుతుంది. నేను లేచి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇదంతా చెప్పాను.

"అయితే దీన్ని ఈడే పెట్టేసి పోతా" అంటూ ముక్కులోని గొట్టం తీసేశాడు. మరో మాట అనబోయాడు, రాలేదు. చూస్తుండగానే పెదవులు నల్లబడ్డాయి. నేనే ఆ గొట్టం మళ్ళీ పెట్టాను. తర్వాత మా పై అధికారి దగ్గరికి పరిగెత్తి, ఒక్కసారికి పోనివ్వమని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ బతిమాలబోతుంటే వెనక నుంచి పెదనాయన పిలిచాడు.

"వద్దు పాపా. ఆ పొద్దు మునెప్పతో నేను నోరు తెరవలేదు. నువ్వు తెరిచినావు. చాలు."

బయట కారులో కూర్చోబెట్టాక రమేశ్ ఫోన్‌లో బాబాయిని చూపించాడు. సుబ్బన్న కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. పెదనాయన ఫోన్‌ను మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. "రేయ్ తమ్ముడా, నేనురా. బయల్దేరినాను. వస్తా ఉండానురా" అన్నాడు. అటువైపు వేళ్ళు కదిలినట్టు అనిపించింది. కారు అప్పటికే కోలార్ వైపు తిరిగి ఉంది.

నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఆయన కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"నేను కాకుండా ఇంగెవురన్నా ముసలోడు అయ్యింటే, ఇట్ల ఏడ్చింటివా పాపా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. కారు వెళ్ళిపోయింది. వాళ్ళు ఇల్లు చేరేలోపే సుబ్బన్న పోయాడు. వానలు మొదలైన వారంలో పెదనాయన కూడా పోయాడు.

ఉద్యోగం మానలేదు, ఏ వస్తువునూ చూసీచూడనట్టు వదిలిపెట్టలేదు. కానీ వద్దని చెప్పి తీసి పక్కన పెట్టించే ముందు ప్రతి ఒక్కరినీ ఇప్పుడు ఒకమాట అడుగుతాను, ఎవరిని చూడటానికి వెళ్తున్నారని. కూతురని చెప్తారు, ఆసుపత్రి అని చెప్తారు, అంత్యక్రియలని చెప్తారు. అంతా విని చివరికి కుదరదనే చెప్తాను. చెప్పాక తర్వాతి మనిషిని వెంటనే పిలవలేను.